కోట గుమ్మం ఊరికీ తెరవాలి

రెండేళ్ల కిందట మా ఊరి పెద్దలు పాతికమందితో కలిసి ఈ విలేఖరి కాశీయాత్రకు వెళ్లడం జరిగింది. తిరుగు దారిలో టీ నీళ్ల కోసం బస్సు ఒక ఊరి బయట ఆగింది. ఎదురుగా పాత కోట. గోడలకు కొత్త సున్నం, గుమ్మం ముందు పూలకుండీలు, లోపల కార్లు. పూర్వం అది ఒక రాజుగారి నివాసమట. ఇప్పుడు హోటలు. చూసి వద్దామని ఆడవాళ్లు నలుగురు గుమ్మం దాకా వెళ్లారు. గది తీసుకున్న వారికే లోపలికి దారి అని కాపలాదారు చేయి అడ్డం పెట్టాడు. తప్పు అతనిది కాదు, అతనికి చెప్పిన పని అది.

వెనుదిరుగుతుండగా ప్రహరీ గోడ మీద పని చేస్తున్న కూలీ ఒకడు, "ఏ ఊరు బాబూ మీది?" అని మన యాసలో పలకరించాడు. అతనిది సోంపేట పక్క పల్లె. ఆరుగురు కలిసి వచ్చి ఏడాదిగా ఆ కోట గోడలకు సున్నం పని చేస్తున్నారట. "మా సేతుల్తో కట్టినాం గానీ, ఒక్క రాత్రి ఆ గదిలో పడుకునీ రాత మనకేటి బాబూ" అని నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు గాని, బస్సు కదిలిన తరువాత చాలాసేపు మాలో ఎవరూ మాట్లాడలేదు.

మన జిల్లా మనిషి చేతిలో పని ఉన్నది. మన జిల్లాలో పాత కోటలు, బంగళాలు ఉన్నవి. ఇక్కడ అవి కూలిపోతుంటే, అక్కడెక్కడో ఊరుగాని ఊళ్లో మనవాడు వేరొకరి కోటను నిలబెడుతున్నాడు. ఈ విషయం మీద మన గ్రామాలలో చర్చ జరగవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మన పొరుగునే ఉన్నది పాఠం

ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా జాతీయ రహదారిన ఉత్తరానికి పోతే చిలక సరస్సు ఒడ్డున రంభ అనే ఊరు తగులుతుంది. మద్రాసు – హౌరా రైలుమార్గంలో స్టేషన్ కూడా ఉన్నది. సరస్సుకు ముఖం చేసి అక్కడ ఒక పెద్ద బంగళా ఉంది. 1790ల కాలంలో గంజాం కలెక్టరుగా పనిచేసిన థామస్ స్నాడ్‌గ్రాస్ అనే తెల్లదొర దాన్ని కట్టించాడు. కంపెనీ ఇతన్ని ఉద్యోగం నుంచి తీసివేస్తే, పింఛను ఇచ్చేదాకా లండన్‌లో కంపెనీ కచ్చేరీ ముందు వీధి ఊడ్చి వారి పరువు తీశాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. తరువాత ఆ బంగళా ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. 1903లో కటకంలో తొలి మహాసభ జరిపిన ఉత్కళ సమ్మిళనికి ముందస్తు మంతనాలు ఈ బంగళాలోనే సాగాయని ఒడియా సోదరులు గర్వంగా చెప్పుకుంటారు.

రాజుల కాలం పోయాక చాలా బంగళాలకు పట్టిన గతే దానికీ పట్టింది. చాలా ఏళ్లు పాడుపడింది. చివరకు ప్రైవేటు యాజమాన్యం తీసుకుని, మరమ్మతులు చేయించి, ఇటీవలి సంవత్సరాలలో హోటలుగా తెరిచింది. చిలకలో పక్షులను చూడవచ్చే యాత్రికులు అక్కడ బస చేస్తున్నారు. గోడలు నిలిచాయి, పైకప్పు నిలిచింది, దానితోపాటు కథ కూడా నిలిచింది.

దీనితో మనకేమి సంబంధం అనవచ్చు. సంబంధం ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన శ్రీకాకుళం ఆ గంజాం జిల్లాలోనిదే. మన తాతల అర్జీలు ఆ జిల్లా కచ్చేరీలకే వెళ్లేవి. ఒకే జిల్లాగా మెలిగిన ప్రాంతంలో గీతకు అటు ఉన్న బంగళా నిలబడి, ఇటు ఉన్నవి కూలిపోతున్నాయంటే, మన అశ్రద్ధ తప్ప మరో కారణం కనిపించదు.

ఫలక్‌నుమా కథ

తెలుగునాట ఇలా బాగుపడిన భవనాలలో అందరికీ తెలిసినది హైదరాబాదులోని ఫలక్‌నుమా. పైగా వంశం నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి, తొమ్మిదేళ్లు కట్టించాడు. ఇటలీ చలువరాయి తెప్పించాడు. నూటొక్కమంది ఒకేసారి కూర్చుని భోంచేసే బల్ల చేయించాడు. ఆ ఖర్చుకు నవాబే తట్టుకోలేకపోయాడు. చివరకు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాన్ని తీసుకుని అతిథి గృహంగా వాడుకున్నాడు. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ బస చేశారు. ఆ తరువాత తలుపులు మూతపడ్డాయి. అర్ధ శతాబ్దంపాటు దుమ్ము, గబ్బిలాలు.

2000 ప్రాంతంలో తాజ్ హోటళ్ల సంస్థ ఆ భవనాన్ని కౌలుకు తీసుకుంది. నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా రాణిగారి పర్యవేక్షణలో మరమ్మతులు సాగాయి. ఏడాది రెండేళ్లలో అయిన పని కాదది. పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో 60 గదులతో హోటలు తెరిచారు. 2017 నవంబరులో ప్రధాని మోదీ, అమెరికా అధ్యక్షుడి కుమార్తె ఇవాంకా ట్రంప్ పాల్గొన్న విందు ఆ నూటొక్కమంది బల్ల మీదే జరిగింది.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. అదే నిజాం కుటుంబం, అదే రాణిగారి చొరవతో పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్‌ను కూడా బాగుచేయించారు. దాన్ని హోటలు చేయలేదు, మ్యూజియం చేశారు. టిక్కెట్టు కొనుక్కుని రిక్షావాడైనా, రైతైనా లోపలికి వెళ్లి దర్బారు హాలు చూడవచ్చు. యునెస్కో 2010లో దానికి బహుమతి ఇచ్చింది. ఫలక్‌నుమాలో ఒక రాత్రి అద్దె మన కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ. ఒకే ఇంటివారి రెండు భవనాలు రెండు దారులు పట్టాయి. మన జిల్లాలకు ఏ దారి పనికివస్తుందన్నదే మన ముందున్న ప్రశ్న.

కోటలు ఎందుకు కూలాయి?

జమీందారీ కాలంలో కోట నిర్వహణకు శిస్తులే ఆధారం. రైతు పండించిన గింజలో భాగం కోటకు పోయేది. ఆ సొమ్ముతో ఏడాదికొకసారి సున్నం, నాలుగేళ్లకొకసారి పెంకు మార్చడం జరిగేది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. భూమి రైతుది అయ్యింది. అది న్యాయమే, దానికి ఎవరూ చింతించనక్కర లేదు. అయితే శిస్తు ఆగాక కోట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంత పెద్ద కప్పును వారసులు ఏ సొమ్ముతో కాపాడతారు? వాటాదారులు పెరిగారు. కొన్నిచోట్ల కోర్టు వ్యాజ్యాలు. కొందరు పట్నాలలో స్థిరపడ్డారు. తలుపులు, దూలాలు అమ్ముడుపోయాయి. తరువాత రాళ్లు, ఇటుకలు పొరుగు గోడల్లోకి వెళ్లాయి.

అందరూ వదిలేశారని అనడం మాత్రం అన్యాయం. 1713లో కట్టిన విజయనగరం కోటను పూసపాటి పి.వి.జి. రాజుగారు 1958లో స్థాపించిన మాన్సాస్ విద్యాసంస్థలకు అప్పగించారు. ఒకనాడు సైనికులు తిరిగిన చోట నేడు మన పల్లెల పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతున్నారు. కోరుకొండ ప్యాలెస్‌ను కూడా వారే ఇవ్వగా, 1962 జనవరిలో అక్కడ సైనిక్ స్కూలు ప్రారంభమైంది. రైతుబిడ్డలెందరో ఆ గుమ్మంలోంచి సైన్యంలో అధికారులుగా వెళ్లారు. కనుక పాత భవనానికి హోటలే గతి అని ఎవరైనా అంటే, విజయనగరం వైపు చూడమని చెప్పవచ్చు.

అన్నీ అలా నిలవలేదు. విజయనగరం నడిబొడ్డున తరతరాలుగా గుర్తుగా ఉన్న మూడు లాంతర్ల స్తంభాన్ని 2020లో పడగొట్టినప్పుడు జనం బాధపడ్డారు. పడగొట్టాక బాధపడి ఏమి లాభం? శ్రీకాకుళం పట్టణంలో డచ్చి భవనం అని పిలుచుకునే పాత కట్టడం కూడా ఎన్నో ఏళ్లు తుప్పల మధ్య ఉండిపోయింది. ఆలస్యంగానైనా దానికి మరమ్మతులు తలపెట్టడం సంతోషించదగినది. మందస, బొబ్బిలి, టెక్కలి వైపు జమీందారీల నాటి కట్టడాలు, తెల్లవారు కట్టిన ట్రావెలర్స్ బంగళాలు, కళింగపట్నం, బారువ వంటి పాత రేవుల గోదాములు – వీటిలో ఏవి నిలిచాయి, ఏవి ఎవరి పేర ఉన్నాయి అనే జాబితా ప్రజల ముందు పెట్టాలి.

తుపాను ఎవరి కోసం ఆగదు

మన తీరంలో పాత కట్టడానికి మరో శత్రువు ఉన్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు నేలకొరిగిన సంగతి మన కళ్లతో చూశాం. చెట్టు పడితే అందరికీ కనిపించింది. పాత భవనం పెంకు ఎగిరితే ఎవరికీ కనిపించదు. ఎగిరిన చోట వాన దిగుతుంది, దూలం నానుతుంది, చెద పడుతుంది, రావి విత్తనం మొలుస్తుంది. అయిదారేళ్లకు గోడ చీలుతుంది. అప్పుడు ఇంజనీరు వచ్చి "ప్రమాదకరం, కూల్చివేయవలెను" అని రాస్తాడు. మొదటి రోజున పది పెంకులు మార్చి ఉంటే ఆ కాగితం రాయవలసిన పని లేదు.

ఈ విషయమై పొందూరు వైపు ఉన్న ఒక ముసలి తాపీమేస్త్రీని అడగడం జరిగింది. ఆయన డెబ్బై ఏళ్లు దాటినవాడు. చిన్నతనంలో తండ్రి వెంట డంగు సున్నం పని చేసినవాడు. గుల్ల సున్నం, ఇసుక కలిపి గానుగలో తిప్పడం, బెల్లం నీరు, కరక్కాయ నీరు పోయడం, వారాల తరబడి మాగబెట్టడం ఆయనకు కంఠతా వచ్చు. "పాత గోడకి సిమెంటు ఏస్తే ఏటవుద్ది తాతా?" అని అడిగితే, "గోడ మనిషి వొళ్లు లాంటిది నాయనా. సెమట పోవాల. సిమెంటు ఏసినావంటే లోపలి తడి లోపలే ఉండిపోద్ది. పైకి బాగుంటాది, లోన కుళ్లిపోద్ది" అన్నాడు. పట్నాల్లో చదువుకున్న నిపుణులు కూడా ఈ మాటే చెబుతారు. సున్నపు గోడ నేల తడిని పీల్చి గాలికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. ఉప్పు పేరుకుని ఇటుక పొడి అవుతుంది.

హోటలు చేస్తామనే వారికి ఇంకో చిక్కు కూడా ఉన్నది. పూర్వం కోటలో స్నానపు గదులు దూరంగా ఉండేవి. నేటి అతిథికి ప్రతి గదికీ స్నానపు గది కావాలి, వేడినీళ్లు కావాలి, చల్లని గాలి మిషను కావాలి. రెండొందల ఏళ్ల గోడలో పైపు వేస్తే, ఆ పైపు కారితే, కోటకు తుపాను కంటే అదే ముప్పు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పెడితే ఆ బరువుకు దూలాలు వంగుతాయి. కనుక ఇది మామూలు కాంట్రాక్టరు చేతిలో పెట్టే పని కాదు. తెలిసిన మేస్త్రీ, తెలిసిన ఇంజనీరు, నిదానం – మూడూ కావాలి. ఫలక్‌నుమాకు పదేళ్లు పట్టడానికి కారణం ఇదే.

మరి ఆ మేస్త్రీలు ఎక్కడున్నారు? ముసలి మేస్త్రీ కొడుకులు ఇద్దరూ హైదరాబాదులో అపార్టుమెంట్లకు సెంట్రింగు పని చేస్తున్నారు. డంగు సున్నం వాళ్లకు రాదు. ఈ తాత పోతే ఆ విద్య ఆయనతోనే పోతుంది. కూలిన గోడను ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కట్టుకోవచ్చు గాని, విద్య పోతే ఎక్కడినుంచి తెస్తాం?

హోటలు వస్తే ఊరికేమిటి?

కొందరు పెద్దమనుషులు, "డబ్బున్న వాడు వచ్చి పడుకుంటాడు, పోతాడు. దానికి మనకెందుకు తాపత్రయం?" అంటున్నారు. ఈ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. ఎందుకంటే కోట అనగానే మన పల్లెల్లో అందరికీ ఒకే జ్ఞాపకం రాదు. రాజుగారి ఏనుగు, దసరా దర్బారు గుర్తు చేసుకునేవారు ఉన్నారు. చెప్పులు చేత పట్టుకుని కోట ముందు నడిచిన తాతను గుర్తు చేసుకునేవారూ ఉన్నారు. వెట్టికి పోయిన కంబారుల మనుమలు నేటికీ ఉన్నారు.

మందస మాటే చూడండి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, జమీందారు అడవిలో కట్టెలు కొట్టుకున్న రైతుల మీద కేసులు, అరెస్టులకు ఎదురునిలిచిన గుడారి రాజమణిపురం జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ, మరికొందరు రైతులు నేలకొరిగారు. ఆమె అప్పుడు నిండు చూలాలని పెద్దలు నేటికీ చెబుతారు. వంటచెరకు కోసం ప్రాణం ఇచ్చిన ఆడకూతురు ఆమె.

ఇటువంటి గడ్డ మీద కోటను బాగుచేసి, గోడలకు రాజుల పటాలు, పులి చర్మాలు, కత్తులు మాత్రమే తగిలిస్తే అది సగం చరిత్ర. ఆ సగాన్ని కాపాడడానికి ప్రజల సొమ్ము ఖర్చు చేయమని అడగడం ధర్మం కాదు. కోట కట్టించినది రాజే కావచ్చు. సున్నం తొక్కినది, రాయి మోసినది, శిస్తు కట్టినది మన ముత్తాతలు. కనుక ఆ గోడలో వారికీ వాటా ఉన్నది. ఆ వాటాను పడగొట్టుకోమని ఎవరూ చెప్పరు, నిలబెట్టుకోమనే చెబుతారు. గున్నమ్మ కథ కూడా చెప్పే కోట అయితే, ఆ కోట మనది అని ఏ కూలీ బిడ్డ అయినా గుండె మీద చేయి వేసుకుని చెప్పగలడు.

ఇక లాభం మాట. రాజస్థాన్‌లో ఉదయపూర్ రాణా 1963లోనే తమ సరస్సు మహలును హోటలు చేశారు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక మరెందరో ఆ దారి పట్టారు. నీమ్రానా అనే ఊళ్లో శిథిలమైన కోటను 1986లో కొని, కొద్ది గదులు మాత్రం బాగుచేసి 1991లో హోటలు తెరిచారు. వచ్చిన ఆదాయంతో ఏటా కొంత కొంత బాగుచేస్తూ పోయారు. అప్పు తెచ్చి ఒక్కసారే అంతా చేయాలనుకోకుండా ఇలా చేయడం మన వంటి చిన్న ఊళ్లకు ఆదర్శం. స్పెయిన్ దేశంలో అయితే ప్రభుత్వమే 1928 నుంచి ఈ పని చేస్తున్నది. పాత కోటలు, మఠాలు బాగుచేసి తానే హోటళ్లు నడుపుతున్నది. అటువంటివి నేడు దేశమంతా కలిపి సుమారు 100 వరకు ఉన్నవి. ఎవరూ పట్టించుకోని మారుమూల ఊళ్లకు యాత్రికులను తేవడం కూడా దాని ఉద్దేశాలలో ఒకటి.

మన కేంద్ర పర్యాటక శాఖ కూడా 1950కి ముందు కట్టిన కోటలు, మహళ్లు, బంగళాలను వారసత్వ హోటళ్లుగా గుర్తిస్తున్నది. కనీసం 5 గదులు, 10 పడకలు ఉంటే చాలు. అంటే ఫలక్‌నుమా అంత మహలు అక్కరలేదు. అయిదు గదుల పాత బంగళా అయినా సరిపోతుంది. 2024 డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2023లో మూలపేట రేవుకు, భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. రేవు, విమానం వచ్చినచోటికి మనుషులు వస్తారు. అరసవిల్లి సూర్యుని, శ్రీకూర్మనాథుని, శ్రీముఖలింగేశ్వరుని దర్శించుకుని, శాలిహుండం బౌద్ధ స్తూపాలు చూసేవారు మన జిల్లాలో రాత్రి ఆగకుండా విశాఖపట్నం వెళ్లిపోతున్నారు. ఉదయం వచ్చి సాయంత్రం పోయే యాత్రికుడు మనకు మిగిల్చేది కొబ్బరికాయ డబ్బులు. ఒక రాత్రి ఉంటే వంటవాడికి, చాకలికి, ఆటోవాడికి, పాలవాడికి, కూరగాయల రైతుకు అందరికీ కొంత ముడుతుంది.

కానీ ఇది తనంతట తాను జరగదు. అడగకపోతే పాలు విజయవాడ పొట్లాంలో వస్తాయి, దుప్పటి సూరత్ నుంచి వస్తుంది, వంటవాడు కలకత్తా నుంచి వస్తాడు. మన కుర్రవాడికి గేటు దగ్గర కర్ర పట్టుకునే పని ఒక్కటే మిగులుతుంది. పొందూరు ఖద్దరు దుప్పటి, బుడితి కంచు చెంబు, మందస కోవా, పలాస జీడిపప్పు, సీతంపేట ఏజెన్సీ అడ్డాకు విస్తరి, సాయంత్రం బొబ్బిలి వీణ, తప్పెటగుళ్లు – ఇవన్నీ మన దగ్గరే ఉన్నవి. వీటిని వదిలి హోటలు నడిపితే ఆ అతిథి మన జిల్లాకు వచ్చినట్లు లెక్క కాదు.

నీటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఉద్దానంలో మంచినీటి కోసం, మూత్రపిండాల జబ్బులతో జనం పడిన బాధ దేశమంతటికీ తెలుసు. అటువంటి చోట అతిథుల ఈతకొలను కోసం లోతైన బోరు దించితే పక్కింటి నుయ్యి ఎండుతుంది. రాజు కాలంలో అడవి కట్టె కోసం తగువు, మన కాలంలో బోరు నీళ్ల కోసం తగువు అన్నట్లు కాకూడదు.

ఇవి చేయాలి

అందువల్ల ప్రభుత్వం, సంబంధిత అధికారులు, భవనాల యజమానులు ఈ క్రింది విషయాలపై శ్రద్ధ వహించాలని కోరుతున్నాం.

ఒకటి: శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలలో నూరేళ్లు దాటిన కట్టడాలన్నింటి జాబితా తయారుచేసి, ప్రతి పంచాయతీలో గోడకు అంటించాలి. ఏది ప్రభుత్వానిది, ఏది సొంతదారులది స్పష్టం చేయాలి.

రెండు: హోటలైనా, మ్యూజియమైనా తరువాత సంగతి. ముందుగా కప్పు కారకుండా, గోడల మీద రావి మొక్కలు పెరగకుండా చూడాలి. దీనికి లక్షలు అక్కరలేదు. ఉపాధి కూలీ, రెండు బస్తాల సున్నం, ఒక మేస్త్రీ చాలు.

మూడు: ప్రభుత్వ భవనం దేనినీ అమ్మరాదు. నడిపేవారికి కౌలుకు మాత్రమే ఇవ్వాలి. కౌలు షరతులు గ్రామసభలో చదివి వినిపించాలి. కౌలు సొమ్ములో కొంత భాగం ఆ పంచాయతీకి చేరాలి.

నాలుగు: వారానికి ఒక రోజైనా ఊరివారికి, బడిపిల్లలకు గుమ్మం తెరవాలి. నామమాత్రపు టిక్కెట్టు పెట్టినా అభ్యంతరం లేదు. చౌమహల్లాలో సాధ్యమైనది మన దగ్గర ఎందుకు కాదు?

అయిదు: ఉద్యోగాలలో చుట్టుపక్కల గ్రామాల వారికి మొదటి అవకాశం ఇవ్వాలి. వంటింట్లో, కార్యాలయంలో, మేనేజరు కుర్చీలో కూడా మన పిల్లలు కూర్చోవాలి. అందుకు తగిన శిక్షణ ముందే మొదలుపెట్టాలి.

ఆరు: మిగిలిన డంగు సున్నం మేస్త్రీలను వెతికి పట్టుకుని, ఒక్కొక్కరి దగ్గర నలుగురు కుర్రవాళ్లను శిష్యులుగా పెట్టి, ఇద్దరికీ కూలీ ఇవ్వాలి. వలస పోయిన కుర్రవాళ్లు తిరిగివచ్చే పని ఇది.

ఏడు: గోడ మీద పెట్టే చరిత్ర పలకలో రాజు పేరుతోపాటు రైతు పేరు, రాయి మోసిన కూలీ ఊసు కూడా ఉండాలి.

చివరిగా

హోటలు కావాలా, బడి కావాలా, మ్యూజియం కావాలా అనేది ఏ ఊరికి ఆ ఊరు ఆలోచించుకోవలసిన విషయం. పట్నానికి దగ్గరగా, రహదారి పక్కన ఉన్న బంగళాకు హోటలు నప్పవచ్చు. ఊరి నడుమ ఉన్న కోటకు గ్రంథాలయమో, కళాశాలో నప్పవచ్చు. ఒకే భవనంలో ముందు భాగం మ్యూజియం, వెనుక నాలుగు గదులు యాత్రికులకు అన్న ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. కానీ ఏదీ చేయకుండా, తలుపుకు తాళం వేసి, గోడ తనంతట తాను కూలేదాకా ఎదురుచూడడం మాత్రం ఎవరికీ మేలు కాదు. కూలిన తరువాత ఆ స్థలంలో ప్లాట్లు లేస్తాయి. ప్లాటు కొన్నవాడు కట్టే గేటు లోపలికి మన పిల్లలు అసలే వెళ్లలేరు.

కాశీ దారిలో కనిపించిన ఆ సోంపేట కుర్రవాడు పండుగకు ఇంటికి వస్తానన్నాడు. వచ్చాడో లేదో గాని, అతనికి తన జిల్లాలోనే కోట గోడ మీద పని దొరికే రోజు రావాలి. ఆ పని పూర్తయిన సాయంత్రం అతను భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని, చెప్పులు చేత పట్టుకోకుండా, కాళ్లకే ఉంచుకుని, ఆ గుమ్మంలోంచి లోపలికి నడవాలి. "ఈ గోడ మీ అయ్య కట్టినాడు" అని బిడ్డకు చూపించాలి. ఆ రోజు కోసం అధికారులు, యజమానులు, గ్రామ పెద్దలు ఇప్పుడే కదలాలి. వచ్చే అక్టోబరు తుపానులు మన తీర్మానాల కోసం ఆగవు.